రెండు ట్యాంకుల కోసం పుట్టిన మెషీన్

ట్యాంక్ గేమ్ అనగానే మన దగ్గర తొంభైల్లో పెరిగినవాళ్లకు గుర్తొచ్చేది 'బ్యాటిల్ సిటీ'. ఇటుక గోడల మధ్య గద్ద బొమ్మను కాపాడుకుంటూ, వచ్చే ట్యాంకులను పేల్చుకుంటూ పోవాలి. 1985లో జపాన్ కంపెనీ నామ్‌కో తెచ్చిన ఆట అది. కానీ ట్యాంకులు ఇళ్లలోని టీవీల్లోకి అంతకు చాలా ముందే వచ్చేశాయి. 1977 సెప్టెంబరులో అమెరికాలో అటారీ కంపెనీ 'వీడియో కంప్యూటర్ సిస్టమ్'ని 199 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. ఆ డబ్బాలో మెషీన్‌తో పాటే ఇచ్చిన ఆట 'కాంబాట్'.

ఇవాళ ఆ ఆట వీడియో చూసి "ఇంతేనా?" అనేవాళ్లే ఎక్కువ. రెండు మొద్దు ట్యాంకులు, నాలుగు గోడలు, ఓ చుక్కలాంటి గుండు. సింపుల్ గేమ్ అని పక్కన పెట్టేస్తారు. నేను దీన్ని ఒప్పుకోను. మెషీన్ తయారయ్యాక దాని మీద ఈ ఆటని రాశారు అనుకుంటాం గానీ, అసలు జరిగింది దాదాపు దానికి రివర్స్.

1974లో కీ గేమ్స్ అనే కంపెనీ ఆర్కేడ్‌లలోకి, అంటే నాణెం వేసి ఆడే ఆటల సెంటర్లలోకి, 'ట్యాంక్' అనే ఆటని తెచ్చింది. పేరుకి వేరే కంపెనీ, లోపల మాత్రం అటారీదే. ఆట పెద్ద హిట్టయింది. దీన్నీ, అప్పటికే జనానికి అలవాటైన, బంతిని అటూ ఇటూ కొట్టుకునే 'పాంగ్'నీ ఇంటి టీవీలోకి తేవాలన్నదే కొత్త మెషీన్ మీద అటారీకి ఉన్న ఆలోచన. అందుకే బొమ్మలు గీసే చిప్‌లో కదిలే వస్తువులు ఐదంటే ఐదే పెట్టారు: ఇద్దరు ఆటగాళ్లు, ఇద్దరికీ చెరో గుండు, ఒక బంతి. వెనక గోడలు వేరు. రెండు ట్యాంకులు, రెండు గుండ్లు లెక్కేసుకోండి, మిగిలిన బంతి పాంగ్‌కి. ఆ చిప్ మీద పనిచేసిన జో డెక్యూర్, లారీ వాగ్నర్‌తో కలిసి కాంబాట్‌ని రాశాడు.

ఇక మెమరీ సంగతి. మెషీన్‌లో ర్యామ్ 128 బైట్లు. కాంబాట్ క్యాట్రిడ్జ్ మొత్తం 2 కిలోబైట్లు, మీరు చదువుతున్న ఈ వ్యాసం కూడా అందులో పట్టదు. స్క్రీన్ మీది బొమ్మని దాచుకునే చోటే లేదు కాబట్టి, టీవీ ఒక్కో గీత గీస్తుంటే దానికి కావాల్సింది అప్పటికప్పుడు ప్రోగ్రామే అందించాలి. గోడలకు కూడా స్క్రీన్‌లో సగానికి సరిపడా సమాచారమే ఇచ్చి, రెండో సగాన్ని అద్దంలోలా తిప్పి చూపిస్తారు. నాకు బాగా నచ్చిన విషయం ఇదే. ఖర్చు తగ్గించుకోడానికి చేసిన పని వల్ల మైదానం ఇద్దరికీ సరిసమానంగా వచ్చింది, ఎడమవైపు కూర్చున్నవాడికి ఏ మూల దొరికితే కుడివైపువాడికీ అదే మూల.

అంత ఇరుకులోనే 27 రకాల ఆటలు ఇరికించారు. ఒక్కోటి 2 నిమిషాల 16 సెకన్లు. వాటిలో కనిపించని ట్యాంకుల ఆట ఉంది చూశారూ, దాని టెన్షనే వేరు. పేల్చినప్పుడో, గోడకి గుద్దుకున్నప్పుడో, దెబ్బ తిన్నప్పుడో తప్ప ట్యాంకు కనబడదు. ఇంజిన్ చప్పుడు మాత్రం ఆగదు, కదిలితే ఆ చప్పుడు మారిపోతుంది. అంటే ఎదుటివాడు ఎక్కడున్నాడో తెలీదు గానీ కదులుతున్నాడని తెలుస్తుంది. గుండు తగిలితే ట్యాంకు గిరగిరా తిరుగుతూ వెనక్కి ఎగిరిపోతుంది, ఇంకేముంది, పక్కవాడి కేకలు మొదలు.

విమానాల ఆటల్లో ఒకడికి పెద్ద బాంబర్, ఇంకొకడికి ఒకేసారి కదిలే మూడు చిన్న విమానాలు ఇచ్చే రకం ఉంది. అందుకు పనికొచ్చింది చిప్‌లో ఉన్న ఓ సదుపాయం: ఒకే బొమ్మను పక్కపక్కనే మూడుసార్లు చూపించడం. 1980లో 'స్పేస్ ఇన్వేడర్స్' ఇదే మెషీన్ మీదికి వచ్చినప్పుడు వరసకి ఆరు గ్రహాంతరవాసులు ఎలా నిలబడ్డారు? ఇద్దరు ఆటగాళ్ల బొమ్మలే చెరో మూడుసార్లు. 'అడ్వెంచర్' ఆటలో కోటలన్నీ తిరిగే హీరో అయితే ఆ పాంగ్ బంతే. తర్వాతి ఏళ్లలో ఆ మెషీన్ మీద వచ్చిన గొప్ప ఆటలన్నీ ట్యాంకులకూ బంతికీ వేసిన పునాది మీదే నిలబడ్డాయి.

కాంబాట్‌లో కంప్యూటర్ శత్రువు లేదు, ఒంటరిగా ఆడలేం. దీన్ని లోటుగా రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. బ్యాటిల్ సిటీలో స్టేజీకి 20 ట్యాంకులను మెషీనే పంపుతుంది కాబట్టి ఇద్దరూ ఒకే పక్షాన ఆడొచ్చు, ఒక్కరే ఉన్నా ఆట ఆగదు. నిజమే, కానీ ఆ శత్రువులు ఎలా తిరుగుతారో కొన్నాళ్లకి అంతుపడుతుంది. కాంబాట్‌లో ఎదుట ఉండేది తమ్ముడో, పక్కింటివాడో, నిన్న ఓడిపోయిన కసితో వచ్చిన మనిషి. వాడు రోజూ ఒకేలా ఆడడు. మెషీన్ చేసేది రిఫరీ పని ఒక్కటే. 2 కిలోబైట్లలో అంతకంటే తెలివైన ప్రత్యర్థిని ఎవరు పెట్టగలరు?

ఆ లెక్క 1977లో అటారీకి బాగా తెలుసు, అందుకే డబ్బాలోనే రెండు జాయ్‌స్టిక్‌లు ఇచ్చింది. ఆ మెషీన్‌కే తర్వాత 'అటారీ 2600' అని పేరు పెట్టారు, 2023లో ఆ పేరు మీదే 2600 ప్లస్ అని కొత్త మెషీన్ వచ్చింది. దాంతో ఇచ్చిన పది ఆటల క్యాట్రిడ్జ్‌లో కాంబాట్ ఉంది, డబ్బాలో జాయ్‌స్టిక్ మాత్రం ఒక్కటే. కొన్న మనిషి ఆ ఆట పెడితే కదలకుండా నిలబడ్డ ట్యాంకుని కాల్చుకుంటూ కూర్చోవాలి, లేదా రెండో జాయ్‌స్టిక్‌కి మళ్లీ డబ్బులు పెట్టాలి. ఇద్దరు లేనిదే మొదలుకాని ఆటని ఒంటరి చేతికిచ్చి, పాతకాలపు క్లాసిక్ అని అమ్మడం నాకు అస్సలు నచ్చలేదు.