సోఫాకు పట్టాదారు పాసుపుస్తకం

తెలుగు నేల మీద భూమికున్నన్ని చట్టాలు మనిషికి లేవు. తెలంగాణలో 2020లో ధరణి వచ్చింది. 2025లో దాని చోట భూభారతి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి ల్యాండ్ టైట్లింగ్ చట్టం ఎన్నికల్లో ఇంటింటి చర్చ అయి, 2024లో రద్దయింది. గట్టు జానెడు జరిగిందని అన్నదమ్ములు తరాల తరబడి కోర్టు మెట్లెక్కే ప్రాంతం మనది. అలాంటి మనం తిరుపతి హోటళ్ల లాంజిల్లో సోఫాల మీద హక్కులెవరివో ఇప్పటిదాకా తేల్చుకోలేదంటే బాధేస్తుంది. ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ ఆ ఊసు లేదు.

తెల్లదొరలు కొంత ప్రయత్నం చేశారు. 1867లో సరాయిల చట్టం తెచ్చారు. బాటసారులు దిగే సరాయిలు రిజిస్టరు కావాలన్నారు, ఆవరణ శుభ్రంగా ఉంచాలన్నారు, బావి నీళ్లు బాగుండాలన్నారు. ఈ చట్టం పుణ్యాన ఏ స్టార్ హోటల్లోకైనా దర్జాగా వెళ్లి ఊరికే మంచినీళ్లు తాగి బాత్రూమ్ వాడుకోవచ్చని వాట్సాప్‌లో ఒక మెసేజ్ ఏళ్ల తరబడి తిరుగుతోంది. దాన్ని పైకి చదివి వినిపించే పెద్దమనిషి ప్రతి లాంజిలోనూ ఒకరుంటారు. కానీ బావి గురించి అంత ఆలోచించిన దొరలు సోఫా గురించి ఒక్క ముక్కా రాయలేదు. ఆ లోటే ఇవాళ మన ప్రాణాల మీదికొచ్చింది.

సమస్యకు మూలం రైల్వే టైంటేబుల్‌లో ఉంది. నారాయణాద్రి, పద్మావతి లాంటి బండ్లు రాత్రంతా నడిచి పొద్దున్నే జనాన్ని తిరుపతిలో దించేస్తాయి. చాలా హోటళ్లలో గది చేతికొచ్చేది మధ్యాహ్నం పన్నెండింటికి. "క్లీనింగ్ జరగతా ఉంది సార్, పది నిమిషాలు" అని రిసెప్షన్ కుర్రాడు ఏడింటికి చెప్తాడు. పదకొండింటికీ అదే మాట, అంతే వినయంగా చెప్తాడు. పన్నెండు దాటాక గదులు ఖాళీ చేసినవాళ్లు దిగుతారు, వాళ్ల బండి సాయంత్రానికి గానీ లేదు. అంటే లాంజి అనేది పగలంతా ఎవరికీ చెందని పోరంబోకు. పోరంబోకు కనబడితే మనవాళ్లు ఏం చేస్తారో ఏ చెరువునడిగినా చెప్తుంది.

ఆక్రమణ ఎలా మొదలవుతుందో చూద్దాం. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి రుమాలు విసిరి సీటు సంపాదించుకున్న ఘనమైన వారసత్వం మనకుంది. లాంజిలో మాత్రం రుమాలు చెల్లదు, అది తెల్లకాగితం మీద రాసుకున్న ఒప్పందం లాంటిది. నీళ్ల సీసా పెడితే కొంత నయం, నోటరీ చేయించినట్టు. మెడ దిండు పెడితే ఇంకా నయం. నిద్రపోతున్న పిల్లాణ్ని పడుకోబెడితే ఇక అది రిజిస్టర్డ్ దస్తావేజే, తహసీల్దారు వచ్చినా కదపలేడు. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం పక్కవాడి స్థలం కాజేయాలంటే 12 ఏళ్లు బహిరంగంగా, నిరాటంకంగా అనుభవించాలి. లాంజిలో పన్నెండు నిమిషాలు చాలు. పదమూడో నిమిషంలో అసలు మనిషి బాత్రూమ్ నుంచి తిరిగొస్తే, అతణ్ని కబ్జాదారుణ్ని చూసినట్టు చూసే హక్కు అనుభవదారుకి వస్తుంది.

బస్టాండుకు దగ్గర్లోని ఒక హోటల్లో మూడు సీట్ల సోఫాకు, పొద్దున్న ఎనిమిది గంటలకు చెక్కుబందీ ఇదీ. తూర్పు: ఒక్క చేప మిగిలిన అక్వేరియం. దక్షిణం: గుంటూరు వారి పులిహోర క్యారియరు, దాని మూత. పడమర: లిఫ్టుకు పోవు దారి. ఉత్తరం: 'ఇక్కడ చెప్పులు విడవరాదు' అను బోర్డు, దాని కింద విడిచిన చెప్పులు. ఈ నాలుగు హద్దుల నడుమ గల సీట్లు మూడింటిలో ఒకటి మనిషి సాగులోను, ఒకటి లడ్డు సంచి సాగులోను, ఒకటి "వస్తున్నారండీ" అను వారి సాగులోను ఉన్నవి.

ఈ మూడో ఆసామీ గురించి కొంచెం చెప్పుకోవాలి. "అన్నా, ఈడ ఎవరన్న ఉన్నరా?" అని నిజామాబాద్ యువకుడెవరో అడుగుతాడు. "ఉన్నారు బాబూ, వస్తున్నారు" అని జవాబు. ఎవరు, ఎక్కడి నుంచి, ఎప్పుడు అన్నది ఎవరూ అడగరు. గంట గడిచినా రారు. ఆ వచ్చేవారిని ఇంతవరకూ ఎవరూ చూసిన పాపాన పోలేదు. బినామీ ఆస్తులు కోటీశ్వరులకే ఉంటాయనుకోవడం మన అమాయకత్వం.

లడ్డు సంచిది ఇంకా గట్టి కేసు. ప్రసాదాన్ని కింద పెట్టమని ఎవరి నోరు లేస్తుంది? నిలబడి కాళ్లు పీకుతున్న ముసలావిడ కూడా "అయ్యో, ఉండనివ్వండి, స్వామివారిది" అనే అంటుంది. తెలివైన కుటుంబం మనిషికొక ఉచిత లడ్డును ఒకే సంచిలో వేసుకోదు, నాలుగు సంచుల్లో సర్ది నాలుగు సీట్లు తీసుకుంటుంది. పైగా తిరుపతి లడ్డుకి 2009లోనే భౌగోళిక గుర్తింపు దక్కింది. అంటే ఆ సోఫా మీద అన్నిటికంటే పక్కా కాగితాలున్నది దానికే.

ప్రభుత్వ భూమి పంచేటప్పుడు మాజీ సైనికులకు కోటా ఉంటుంది. లాంజిలో ఆ కోటా నడిచి కొండెక్కినవారిది. అలిపిరి దారిన 3,550 మెట్లు ఎక్కినాయన సోఫాలో కూర్చోడు, వాలిపోతాడు. కాళ్లు టీపాయ్ మీదుంటాయి. ఎవరైనా ఆ కాళ్ల వంక చూస్తే "నడిచే వెళ్లామండి, మోకాళ్ల పర్వతం దగ్గర అయితే..." అని మొదలుపెడతాడు, చూసినవాడే సిగ్గుపడి పక్కకు జరుగుతాడు. శ్రీవారి మెట్టు దారిన వచ్చినవారికి ఇంత గౌరవం లేదు. అది 2,388 మెట్లే కాబట్టి కాళ్లు నేల మీదే ఉంచుకోవాలి. బస్సులో వెళ్లొచ్చినవాళ్లు ఈ చర్చ సాగుతున్నంతసేపూ ఫోన్ చూసుకుంటారు. కొత్తగా గుండు చేయించుకుని గంధం పూసుకున్నవారికి విడిగా కోటా అక్కర్లేదు. తల వెనక్కి ఆనిస్తే సోఫా వీపు మీద సబ్ రిజిస్ట్రారు ముద్రంత స్పష్టంగా పడుతుంది, తర్వాత ఇంకెవరూ అక్కడ ఆనుకోరు.

ఇక ఛార్జింగ్ పాయింటు. ఇండియన్ ఈజ్‌మెంట్స్ చట్టం 1882లో వచ్చింది. ఎడిసన్ బల్బు వెలిగించి అప్పటికి మూడేళ్లే, కనుక సెల్‌ఫోన్ వైరు దారి హక్కు గురించి అందులో ఆశించడం తప్పు. కానీ లాంజి మొత్తానికి పనిచేసే ప్లగ్గు ఒకటే ఉన్నప్పుడు, ఎవరి వైరు ఎవరి ఒడి మీదుగా పోవాలన్నది ఎవరో ఒకరు తేల్చాలి కదా? ప్రస్తుతం నడుస్తున్న ఆనవాయితీ ఏమిటంటే, మీ ఫోను 94 శాతం ఉన్నా పక్కవాడి ఫోను రెండు శాతమున్నా, ముందు గుచ్చినవాడిదే ధర్మం. ఛార్జింగ్ పెట్టుకుంటూనే స్పీకర్‌లో వీడియో కాల్ మాట్లాడటం ఆ ధర్మానికి అనుబంధం. "దర్శనం బ్రహ్మాండంగా అయిందొదినా, ఏం తోపులాటా లేదు" అని ఆవిడ కాకినాడకు చెప్తుంటే, లాంజి అంతా పుణ్యం పంచుకుంటుంది.

పేపరు సంగతి ఉమ్మడి ఆస్తి పంపకమే. హోటలువాడు ఒక్క కాపీ వేయిస్తాడు. మెయిన్ పేజీలు పెద్దాయన వాటాకి వస్తాయి, జిల్లా ఎడిషన్ అల్లుడు లాగేసుకుంటాడు, సినిమా పేజీ ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. "ఒకసారి చూసి ఇస్తానండి" అని తీసుకున్నవారు రాశిఫలాల దగ్గర ఆగిపోతారు. పేపరు మళ్లీ ఒక్కటి కావడమన్నది, విడిపోయిన ఏ ఉమ్మడి కుటుంబానికీ ఎలా జరగదో దీనికీ అలాగే.

శంషాబాద్ విమానాశ్రయం లాంజిలో ఈ బెడద లేదని కొందరంటారు. నిజమే, అక్కడ సోఫా మీద కాక ఇడ్లీ మీద ఉంటుంది దృష్టి. కార్డు గీకించి రెండు రూపాయలు కట్టి లోపలికెళ్లినవాడు కనీసం ఆరొందల సరుకు తినకపోతే తనను తాను మోసం చేసుకున్నట్టు బాధపడతాడు. ఈమధ్య బ్యాంకులు మూణ్ణెల్లలో ఇంత ఖర్చు పెడితేనే లాంజి అని మెలిక పెడుతున్నాయి. దాంతో రెండు రూపాయల ఉప్మా కోసం వేలకు వేలు షాపింగ్ చేసేవాళ్లు తయారయ్యారు. అది వేరే వ్యాసం.

ఇంతా చదివి మనకు మర్యాద లేదని ఎవరైనా అనుకుంటే అది పెద్ద అపార్థం. తెలుగు ప్రయాణికుడి మర్యాద ముందు ఎవరూ పనికిరారు. కాకపోతే రిజిస్ట్రేషన్ ముందు లింకు డాక్యుమెంట్లు చూసినట్టు, ఆ మర్యాద ఇచ్చే ముందు కాగితాలు చూస్తాడు. పైన చెప్పిన సోఫా దగ్గరే, ఇరవయ్యేడేళ్ల కుర్రాడొకడు ల్యాప్‌టాప్ సంచితో నిలబడి ఉంటే జరిగిన విచారణ ఇది.

"ఏ ఊరు బాబూ మనది?"

"హైదరాబాదండీ."

"అది సరేలే, సొంతూరు?"

"తెనాలి దగ్గరండీ."

"దగ్గరంటే?"

"అమృతలూరండీ."

"ఓహో. అమృతలూరులో ఎవరి తాలూకు?"

కుర్రాడు తాతగారి పేరు చెప్పాడు. పెద్దాయన పైకప్పు వంక చూశారు. ఫ్యాను ఆరు చుట్లు తిరిగేంతసేపు మెదడులో అడంగల్ తిరగేశారు.

"ఇంటిపేరు?"

చెప్పాడు.

"అంటే మీరు..."

ఆ మూడు చుక్కల్లో మొత్తం పట్టికే ఇమిడి ఉంటుంది. అది నోటితో అడగరు, మర్యాద కాదు కదా. కుర్రాడికీ అర్థమైంది, వాడూ నోటితో చెప్పలేదు. కొంచెం తలాడించాడు. పెద్దాయన మొహం మధ్యాహ్నపు ఎండలా వెలిగిపోయింది.

"అట్లా చెప్పు మరి! ఏమే, ఆ సంచీ తియ్యి, అబ్బాయి మనోడే. కూర్చో నాయనా, కూర్చో. టిఫిన్ చేశావా? పులిహోర ఉంది, పెట్టు అబ్బాయికి."

అంతే. గంటన్నర నుంచి "వస్తున్నారండీ" అని ఎవరి కోసం సీటు ఆపారో ఆ మనిషి ఆవిరైపోయాడు. ప్రసాదం సంచి ఏ అపచారమూ లేకుండా టీపాయ్ మీదికి దిగింది. అలిపిరి మెట్లు ఎక్కిన కాళ్లు కూడా, పులిహోర అందుకోవడానికి కాబోలు, సలక్షణంగా నేల మీదికొచ్చాయి. పది నిమిషాల్లో కుర్రాడి జీతం తెలిసిపోయింది, పెళ్లి కాలేదని తెలిసిపోయింది. పెద్దావిడ ఫోన్‌లో ఒక అమ్మాయి ఫొటో బయటికొచ్చింది.

అంతకు అరగంట ముందు అదే చోట నిలబడ్డ నిజామాబాద్ యువకుడు స్తంభానికి ఆనుకుని ఇదంతా చూశాడు. అతని విచారణ రెండో ప్రశ్న దగ్గరే ముగిసింది. "నిజామాబాదా, అలాగా" అని పెద్దాయన పేపరు పైకెత్తారు. సోఫా అదే, సీట్లు అవే, ఖాళీ అదే. కాగితాలు పొసగలేదు. ఆయన చెడ్డవాడేమీ కాదు. మనోడని తేలి ఉంటే తన సీటే ఇచ్చి తాను నిలబడేవాడు, నాకా విషయంలో అనుమానం లేదు. డల్లాస్ నుంచి వచ్చిన దంపతులు కూడా దగ్గర్లోనే ఉన్నారు. వాళ్లు ఇలాంటి వెనకబడిన ప్రశ్నలు వేయరు. గ్రీన్ కార్డా, ఇంకా హెచ్1బీయేనా అని మాత్రం అడిగి, దాన్ని బట్టి జరుగుతారు.

భూమి లెక్కల్లో ఎక్కడా కనబడనివాడు కౌలుదారు. 2011లో వాళ్లకు రుణార్హత కార్డులిచ్చే చట్టం వచ్చినా పొలం రికార్డులో పేరు మాత్రం ఆసామీదే. లాంజికీ కౌలుదారు ఉంది. ఉదయం అయిదింటికి వచ్చి తుడుపు కర్రతో ఆ నేలంతా సాగుచేసే ఆవిడ. "కాలు ఎత్తండి సార్" అంటే ఎత్తుతారు, మాట ఆపకుండా, ఆవిడ వంక చూడకుండా. ఆవిడ వెళ్లగానే దించుతారు. పులిహోర మెతుకులూ గంధం మరకలూ ఆవిడ శిస్తు. ఆ సోఫాలో ఆవిడ కూర్చోగా ఎవరూ చూడలేదు, ఏ ఊరని ఎవరూ అడగలేదు. లింకు డాక్యుమెంట్లు అడిగేది కనీసం హద్దుల్లో ఉన్నవాళ్లనే.

అందువల్ల ప్రభుత్వాలు వెంటనే చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. తిరుపతి లాంజిలన్నిట్లో డ్రోన్లతో సోఫాల సమగ్ర సర్వే జరపాలి. ప్రతి సీటుకీ ఒక నంబరు, దాని కింద రాయి పాతాలి. "వస్తున్నారు" అన్నవారు నలభై అయిదు నిమిషాల్లోగా ఆధార్‌తో హాజరు కాకపోతే ఆ సీటు మిగులు భూమిగా ప్రకటించాలి. లడ్డు సంచులకు ఒడిలోనే ఇళ్ల స్థలాలు మంజూరు చేయాలి. ఇంటిపేరు అడిగేముందు "టిఫిన్ చేశారా" అని అడగడం తప్పనిసరి చేస్తూ జీవో ఇవ్వాలి. దాన్ని హైకోర్టు కొట్టేస్తుందని తెలుసు, అయినా ఇవ్వాలి.

అభ్యంతరాలున్నవారు పదిహేను రోజుల్లోగా రిసెప్షన్‌లో రాతపూర్వకంగా ఇవ్వొచ్చు. ఫారాలు అక్కడే ఉన్నాయి. పెన్ను మాత్రం ఎవరిది వారే తెచ్చుకోవాలి. హోటలువాళ్లు దారం కట్టి పెట్టిన పెన్ను ఒకటి ఉండేది, "ఒక్క సంతకం బాబూ" అని ఎవరో తీసుకున్నారు. దారం ఉంది.