బొద్దు అక్షరంలో వత్తుకు చోటేది?

గీతలు లావుగా, కొసలు గుండ్రంగా ఉండే బొద్దు అక్షరాలు పిల్లల పుస్తకాల అట్టల మీద, యూట్యూబ్ వీడియోల ముఖచిత్రాల మీద, దుకాణాల ఫ్లెక్సీల మీద తెలుగువారికి బాగా అలవాటయ్యాయి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే ‘బాలూ తమ్ముడు’ ఈ కోవకు చక్కని ఉదాహరణ. ముంబైకి చెందిన ఏక్ టైప్ బృందం ఒకే పోలికతో అనేక భారతీయ లిపులకు బాలూ ఫాంట్లు రూపొందించింది. తమిళానికి తంబి, మలయాళానికి చేట్టన్, మనకు తమ్ముడు. ఆప్యాయమైన పేర్లు, అక్షరాలూ అలాగే ఉంటాయి.

అయితే ఇంగ్లిషులో గుండ్రదనం కొసలకు అద్దిన సొగసు మాత్రమే. తెలుగు అక్షరానికి ఒళ్లంతా గుండ్రమే. దానికి లావు తోడైతే ముందుగా పూడిపోయేది లోపలి ఖాళీ. మన లిపిలో చాలా అక్షరాల తేడాలు ఆ ఖాళీల్లో, చిన్న గీతల్లోనే ఉన్నాయి. ‘ర’కూ ‘ఠ’కూ తేడా కడుపులో చుక్క. ‘ద’కూ ‘ధ’కూ తేడా అడుగున చిన్న గీత. గీత మందం పెరిగేకొద్దీ ఇవి నలుపులో కలిసిపోతాయి. ‘పాఠం’ దూరం నుంచి ‘పారం’లా కనిపిస్తుంది.

వత్తుల సంగతి ఇంకా కష్టం. బట్టల కొట్ల బోర్డుల మీద తరచూ కనిపించే ‘వస్త్రాలయం’ చూడండి. ‘స’ కింద తకారం, దానికి తోడు రకారం, రెండూ ఇరుకు చోటులో సర్దుకోవాలి. బోర్డు రాసే పెయింటరు అక్కడికి రాగానే కుంచెను కొంచెం తేలికగా నడుపుతాడు, పక్క అక్షరాన్ని కాస్త జరుపుతాడు. ఫాంటు తయారుచేసేవారు ఆ తీర్పులన్నీ ముందే ఊహించి పెట్టాలి. నా దృష్టిలో ఇది తెలుగు లిపికి చేసే పెద్ద సేవ. దానికి దక్కవలసినంత గౌరవం దక్కడం లేదు.

అంత శ్రమను వాడేవాళ్లం ఒక్క మీటతో పాడుచేస్తున్నాం. అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర అందించిన ‘రామభద్ర’ ఫాంటులో ఉన్నది ఒకే మందం, అదీ శీర్షికలకు సరిపోయే లావు. దాని మీద మళ్లీ బోల్డ్ పెడితే బ్రౌజరు గీతలను తనంతట తానే ఉబ్బిస్తుంది, వత్తులు ముద్దవుతాయి. బాలూ ఫాంట్ల కొత్త రూపమైన బాలూ 2లో మామూలు గీత (400) నుంచి బాగా లావు గీత (800) వరకు అయిదు మందాలు ఉన్నాయి కాబట్టి అక్కడ ఆ అవసరమే లేదు. రెండు వరుసల శీర్షికలో వరుసల మధ్య ఎడం తగ్గించడం మరో తప్పు. పై వరుస వత్తు కింది వరుస గుడికి తగులుతుంది.

ఈ అక్షరాలు నాలుగైదు మాటల శీర్షికకు, పెద్ద సైజుకు బాగుంటాయి. వార్త మొత్తం వీటిలో పెడితే పాఠకుడు రెండో పేరాకే అలసిపోతాడు. వార్తా సైట్లు ఇప్పటికైనా ఆ పని మానాలి. ఫాంటు నమూనాల్లో కూడా ‘కల’, ‘తెలుగు’ వంటి తేలిక మాటలతో సరిపెట్టకుండా ‘రాష్ట్రం’, ‘శీర్షిక’, ‘పాఠశాల’, ‘వస్త్రాలయం’ చూపాలి. ఎంచుకునేవారు ఆ మాటలను ఫోను తెరంత చిన్నగా చేసి, వత్తులు విడివిడిగా కనబడితేనే తీసుకోవాలి.