మీరే మా కళ్లూ చెవులూ

అమెరికాలో ప్రభుత్వం కట్టించిన అద్దె ఇళ్ల సముదాయాల్లో నేరాలు తగ్గాలంటే అక్కడుండే జనమే పూనుకోవాలట. "మీరే మా కళ్లూ చెవులూ" అంటారు అధికారులు. చేతులు మాత్రం ఇవ్వరు, సంతకాలు పెట్టాలి కదా, అవి వాళ్లకే కావాలి.

డబ్బివ్వలేదని అనకండి. ఈ భాగస్వామ్యానికి ఫెడరల్ నిబంధనల్లో రాసుకున్న లెక్క ఇంటికి ఏడాదికి 25 డాలర్లు. అందులో అద్దెదారుల కౌన్సిల్ వాటా 15. నెలకి డాలరుంబావు! ఇక గంజాయి ముఠాలు గడగడలాడక చస్తాయా?

మీటింగ్ ఎలా సాగుతుందో ఊహించుకోండి. ఒక పెద్దావిడ లేచి, మెట్ల దగ్గర బల్బు వెలగట్లేదంటుంది. "చాలా మంచి పాయింట్" అని అధికారి బోర్డు మీద "వెలుతురుపై అవగాహన" అని రాస్తాడు. సబ్‌కమిటీ పడుతుంది. అది పట్టపగలు వచ్చి చూసి, వెలుతురు సంతృప్తికరం అని తేలుస్తుంది. ఆవిడ ఒప్పుకోదు. సరేనని రాత్రి వచ్చి ఫ్లాష్ వేసి ఫొటో తీస్తారు. ఫొటోలో మెట్లు ధగధగలాడతాయి. ఫైలు మూసేస్తారు. బల్బు? అది మెయింటెనెన్స్ వాళ్ల శాఖండీ.

ఒకే గుమ్మాన్ని ఎన్ని ఎక్కువ కుటుంబాలు వాడితే, దాన్ని మాది అనుకునేవాళ్లు అంత తగ్గుతారని ఆస్కార్ న్యూమన్ అనే ఆర్కిటెక్ట్ 1972లోనే చెప్పాడు. అంతస్తుల మీద అంతస్తులు లేపి, అందరినీ ఒకే లిఫ్టులోకి తోసింది అద్దెదారులా?

అసలు మంట ఇక్కడ. కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్‌లో మనవళ్లు పార్కింగ్ స్థలంలో గంజాయి తాగారని, వాళ్లతో ఉంటున్న ముసలివాళ్లను ఇల్లు ఖాళీ చేయించడానికి, ఆ ఇళ్లను నడిపే హౌసింగ్ అథారిటీ కోర్టుకెక్కింది. ఆ సంగతి మాకు తెలియదు మొర్రో అన్నారు వాళ్లు. తెలియకపోయినా ఖాళీ చేయించొచ్చని 2002లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 8-0. ఒక్కరంటే ఒక్క జడ్జికి కూడా సిగ్గనిపించలేదు! చీకటి మెట్లు దిగలేని మనిషి పార్కింగ్ స్థలానికి కాపలా కాయాలా?

ఇప్పుడు చెప్పండి, పక్కింటి కుర్రాడు సరుకు అమ్ముతున్నాడని ఎవరు నోరు విప్పుతారు? విప్పితే రోడ్డున పడేది వాడి అమ్మమ్మ. అందుకే జనం మీటింగ్‌కి వస్తారు, రిజిస్టర్‌లో సంతకం పెడతారు, బిస్కెట్లు తిని వెళ్లిపోతారు. నివేదికలో మాత్రం "హాజరు బాగుంది, నివాసితుల్లో చొరవ లేదు" అని పడుతుంది.