పియానో లేని పియానో గురువులు

వరంగల్ మహానగరంలో పియానో గురువులు దొరకరని ఎవరైనా అంటే ఆ మాట పట్టించుకోకండి. హనుమకొండ చౌరస్తా నుంచి నయీంనగర్ దాకా, ఇటు హంటర్ రోడ్డు పొడవునా, ఏ కరెంటు స్తంభం చూసినా, ఏ జిరాక్సు దుకాణం షట్టరు చూసినా పియానో క్లాసుల ఫ్లెక్సీ ఒకటి వేలాడుతూనే ఉంటుంది. దాని మీద మూత తెరిచిన గ్రాండ్ పియానో నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. ఆ బొమ్మ కింద అబాకస్, వేదగణితం, చేతిరాత, డ్రాయింగ్, జుంబా కూడా నేర్పబడునని రాసి ఉంటుంది. గురువులకు కొరత లేదు, ఫ్లెక్సీలకు కొరత లేదు, పిల్లలకు అసలే కొరత లేదు. ఒక్క పియానోయే లేదు. ఇంత చిన్న లోపాన్ని పట్టుకొని వ్యాసం రాయడం సబబేనా అని పెద్దలు అడగవచ్చు. సబబే.

ముందుగా ఆ లేని వస్తువు ఏమిటో చెప్పుకోవడం మర్యాద. సుమారు 1700 నాటికి ఇటలీలోని ఫ్లోరెన్సులో బార్తొలొమెయో క్రిస్టోఫోరి అనే వాద్యాల తయారీదారు, మెట్టు, అంటే కీ, నొక్కగానే లోపల చిన్న సుత్తి ఒకటి లేచి తీగను కొట్టి, కొట్టిన మరుక్షణం వెనక్కి తప్పుకొనే ఏర్పాటు చేశాడు. అంతకు ముందున్న హార్ప్సికార్డులో తీగను మీటడమే తప్ప కొట్టడం లేదు. వేలు ఎంత బలంగా వేసినా శబ్దంలో పెద్ద తేడా రాదు. క్రిస్టోఫోరి వాద్యంలో మాత్రం మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలుకుతుంది. మూడు వందల ఏళ్లుగా పియానో విద్య అంతా ఈ ఒక్క తేడా చుట్టూనే తిరుగుతున్నది. నేటి పియానోకు 88 మెట్లు, రెండు వందలకు పైగా తీగలు ఉంటాయి. ఆ తీగలన్నీ కలిసి లాగే బరువును టన్నుల్లో లెక్కపెడతారు. దానిని లిఫ్టు లేని మూడో అంతస్తుకు ఎక్కించడం కష్టమే, మన ఎండలకూ వానలకూ శ్రుతి నిలవడం కష్టమే, ఏడాదికి రెండుసార్లయినా శ్రుతి చేసే మనిషిని పిలిపించడం ఇంకా కష్టం. కనుక అసలు పియానోయే కావాలని ఈ వ్యాసకర్త మంకుపట్టు పట్టడం లేదు. 88 మెట్లుండి, మెట్టుకు బరువుండి, వేలి బలాన్ని గుర్తుపట్టే డిజిటల్ పియానో ఉన్నా దండం పెడతాడు. ఫ్లెక్సీని నమ్మి పై అంతస్తుకు వెళ్లినవారికి అక్కడ కనబడేది మాత్రం 61 మెట్ల ప్లాస్టిక్ కీబోర్డు. దానిని ఊదినా ఒకటే, గుద్దినా ఒకటే. భద్రకాళి చెరువు గట్టు మీద చాప పరిచి ఈత నేర్పినట్లు, దాని మీద పియానో నేర్పుతారు.

పియానో ఏదండీ అని అడిగితే గురువుగారు జాలిగా చూస్తారు. "పియానో ఎందుకు సార్, ఇండ్ల మూడు వందల సౌండ్లు ఉన్నయి, అండ్ల పియానోలే పది" అంటారు. ఒక్క పియానో అడిగిన వాడికి పది చూపించిన వారితో వాదించడం ఎట్లా? ఆ పది పియానోల మెట్ల మీదా రంగురంగుల స్టిక్కర్లు అంటించి ఉంటాయి. వాటి మీద ఇంగ్లీషు అక్షరాలు, పక్కన స రి గ మలు. సంగీతం చదవడం నేర్పకుండా, స్టిక్కర్లు చదవడం నేర్పడమే ఇక్కడి పద్ధతి. సినిమా పాట ఏ శ్రుతిలో ఉన్నా ట్రాన్స్‌పోజ్ మీట ఒకటి నొక్కి, పాట మొత్తాన్నీ తెల్ల మెట్ల మీదికే తెచ్చుకుంటారు. నల్ల మెట్లు పాపం అందానికి మిగిలిపోతాయి. ఇక ఎడమ చేయి సంగతి. వీరిలో చాలామంది హార్మోనియం నుంచి వచ్చినవారు. హార్మోనియాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, మన నాటకాలూ భజనలూ దాని మీదే బతికాయి. అయితే హార్మోనియంలో కుడి చేయి పాట పలికిస్తుంటే ఎడమ చేయి తిత్తి కొడుతుంది. కీబోర్డుకు తిత్తి లేదు. దానితో పని పోయిన ఎడమ చేయి గురువుగారి మోకాలి మీద విశ్రాంతి తీసుకుంటుంది, శిష్యుడి ఎడమ చేయి కూడా గురువుగారిని చూసి అదే నేర్చుకుంటుంది.

బాలసముద్రంలోని ఒక అపార్టుమెంటులో జరిగిన డెమో క్లాసును వర్ణించకుండా ముందుకు పోలేను. పక్క ఫ్లాటులో ఉన్న పాపానికి, సంగీతం తెలిసినవాడినన్న అపవాదు ఉన్నందుకు, నన్ను కూడా సోఫాలో కూర్చోబెట్టారు. గురువుగారు కీబోర్డును నల్ల సంచిలో వేసుకొని బండి మీద వచ్చి, టీపాయ్ మీది పేపర్లు పక్కకు జరిపి, దాని మీద పరిచారు. మోకాలి ఎత్తు టీపాయ్ మీద పెట్టి వాయిస్తే మణికట్టు ఏ వంపు తిరుగుతుందో నేను చెప్పబోయేలోగా ఇంటి యజమాని ఇంటర్వ్యూ మొదలుపెట్టాడు. "ఎన్ని నెలలల్ల పాట వాయిస్తడు సార్?" "టాలెంటును బట్టి సార్. మామూలు పిల్లలకైతే నెల, మీ బాబుకైతే పదిహేను రోజులు." బాబు అప్పటికి ఇంకా స్నానం చేసి రాలేదు. పరకాల నుంచి వచ్చిన నానమ్మ కీబోర్డును తేరిపార చూసి, "ఇది హార్మోని లెక్కనే ఉన్నది గద బిడ్డా, గాలి ఎట్ల కొడ్తరు?" అని అడిగింది. ఆ పూట ఆ హాలులో వాద్యం గురించి పుట్టిన ప్రశ్న అదొక్కటే. జవాబు రాని ప్రశ్న కూడా అదొక్కటే. అమ్మ ఫోనులో వీడియో ఆన్ చేసింది. గురువుగారు కళ్లు మూసుకొని, కుడివైపు పైమూలన ఉన్న డెమో మీటను భక్తిగా నొక్కారు. డ్రమ్ములు మోగాయి, వయొలిన్లు లేచాయి, వాటి మీదుగా ఒక పియానో వరద కట్టలు తెంచుకొని పారింది. గురువుగారి పది వేళ్లూ మెట్లకు అంగుళం ఎత్తున ఎగురుతున్నాయి. ఎడమ చేయి కూడా ఆ రోజు మోకాలి మీది నుంచి లేచి వచ్చి శ్రమపడింది. అంతలో వంటింటి నుంచి చాయ్ వచ్చింది. గురువుగారు సంస్కారవంతులు, పెద్దవారి చేతి నుంచి వచ్చిన గ్లాసును రెండు చేతులా అందుకున్నారు. పియానో ఆగలేదు. ఆయన ఊదుకుంటూ ఒక గుక్క తాగారు. అప్పుడే అసలైన క్లిష్టమైన సంగతులు పడుతున్నాయి. ఇల్లంతా చప్పట్లు కొట్టింది. యజమాని నా వైపు వంగి, "చూసిన్రా అన్నా, చేతులు తీసినా వాయిస్తున్నది, ప్రాక్టీసంటె గట్లుండాలె" అన్నాడు. అడ్వాన్సు అక్కడికక్కడే ఫోన్‌పేలో వెళ్లిపోయింది.

సర్టిఫికెట్ల వ్యవహారం క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే దాని గురించి ఆలోచిస్తే నాకు అన్నం సహించదు. లండన్‌లోని ట్రినిటీ కాలేజీ 1877 నుంచి సంగీత పరీక్షలు పెడుతున్నది. అవి ఇనీషియల్‌తో మొదలై ఎనిమిదో గ్రేడు దాకా ఉంటాయి. పియానోకు వేరే సిలబస్, ఎలక్ట్రానిక్ కీబోర్డుకు వేరే సిలబస్. ఈ రెండు సిలబస్‌ల తేడా చెప్పమంటే "రెండూ ఒక్కటే సార్, పేరే వేరే" అన్నవారు ఉన్నారు. గ్రేడు పరీక్షలో స్కేళ్లను, అంటే మన ఆరోహణ అవరోహణల వంటి స్వరవరుసలను, ఛాయిస్‌లో వదిలేద్దామని సలహా ఇచ్చినవారూ ఉన్నారు. ఏడాదికి రెండు గ్రేడులు గ్యారంటీ అన్న ఫ్లెక్సీ మీద మాత్రం గ్రాండ్ పియానో బొమ్మ ఇంకా పెద్దదిగా ఉంటుంది.

పెద్దలు నేర్చుకుంటామని వెళ్తే ఇంకొక వినోదం. సుబేదారిలో ఉండే ఒక బ్యాంకు ఉద్యోగిని ఫోన్ చేస్తే "బాబు ఏ క్లాస్ మేడం?" అని అడిగారట. నేర్చుకొనేది తానేనంటే, ఫోను కాసేపు మౌనంగా ఉండి, "ఈ వయసుల ఎందుకు మేడం, జుంబా బ్యాచుల ఖాళీ ఉన్నది" అన్నదట.

మరి నిజంగా నేర్పేవారు లేరా అంటే, ఉన్నారు. వారి పేరు ఫ్లెక్సీల మీద ఉండదు. చిన్ననాటి నుంచి చర్చిలో ఆదివారం ఆరాధనకు వాయించి, రెండు చేతుల స్వరలిపిని పత్రిక చదివినంత సులువుగా చదివేవారు కాజీపేటలోనూ హనుమకొండలోనూ ఉన్నారు. అటువంటి ఒక టీచరమ్మ కాజీపేట నుంచి ఆటో పట్టుకొని, ఇదే బాలసముద్రం ఇంటికి, పైన చెప్పిన చాయ్ కచేరీకి ముందు, రెండు నెలలు వచ్చింది. వచ్చిన మొదటి రోజే టీపాయ్ తీసేయించి, కీబోర్డును బల్ల మీద పెట్టించి, మోచేయి మెట్లకు సమంగా వచ్చేదాకా బాబు కుర్చీ కింద మెత్తలు పేర్చింది. స్టిక్కర్లు గీకేసింది. తరువాత బొటనవేలు పట్టుకున్నది. స్కేలుకు స్వరాలు ఎనిమిది, చేతికి వేళ్లు ఐదే. అందుకే కుడి చేతితో పైకి పోయేటప్పుడు మూడో వేలు కాగానే బొటనవేలు అరచేతి కిందుగా దూరి నాలుగో స్వరాన్ని అందుకోవాలి, అదీ మోచేయి ఎగరకుండా, స్వరం తడబడకుండా. ఎడమ చేతిది ఇంకొక లెక్క. ఈ ఒక్క మలుపు నున్నగా రావడానికి వారాలు పడుతుంది. అది రాకుండా ఏ పాట మొదలుపెట్టినా, పాట కాస్త వేగం అందుకోగానే చేయి అక్కడే ఆగిపోతుంది.

విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో పిల్లను చేర్పించి, సరళీ స్వరాలకే నెలలు పడుతుందంటే "అవునవును, పునాది" అని తల ఊపే ఇదే నగరం, పియానో టీచరమ్మ స్కేలు వాయించమంటే వాచీ చూసుకుంటుంది. "రెండు నెలలాయె, ఒక్క పాట రాకపాయె" అన్నాడు యజమాని. వారానికి రెండు గంటలే కదా, గంటకు గింతనా అని మొదటి నెలలోనే ఫీజు తగ్గించాడు. ఆటో చార్జీ అడిగితే, సిటీ బస్సు ఉన్నది కదమ్మా, ఆడవాళ్లకు టికెట్ లేదు కదా అన్నాడు. రెండో నెలలో కుటుంబమంతా మేడారం జాతరకు పోయి నాలుగు రోజులకు తిరిగి వచ్చి, ఆ వారం క్లాసులు కాలేదు కనుక ఆ మేరకు కట్ చేస్తామన్నాడు. తరువాత ఆ మిగిలినది కూడా ఇవ్వలేదు. ఇదే మనిషి ఆరో తరగతి పిల్లవాడి ఐఐటీ ఫౌండేషన్‌కు లక్ష రూపాయలు ఏకమొత్తంగా కట్టి, రసీదు అడగడానికి కూడా మొహమాటపడ్డాడు. దసరాకు పదిహేను రోజులు బడి మూస్తే ఆ మేరకు కట్ చేయమని అక్కడ అడిగాడా? సంక్రాంతికి అడిగాడా? "రెండు నెలలాయె, ఒక్క ర్యాంకు రాకపాయె" అని ఆ ప్రిన్సిపాల్ ముందు నిలబడి అనగలడా? నోరు లేస్తుందా? ఒంటరిగా ఆటో దిగి, చెప్పులు బయట విడిచి, పిల్లవాడి పక్కన కూర్చొని వేలు వేలూ సరిచేసే మనిషి దగ్గరే మన లెక్కలన్నీ పైసలతో సహా గుర్తుకొస్తాయి. సిగ్గనిపించాలి. గణపతిదేవుని గజసైన్యాన్ని నడిపిన జాయప సేనాని 13వ శతాబ్దంలో నృత్తరత్నావళి రాశాడని ఈ నగరంలో ప్రతి సభలోనూ శాలువా కప్పుకొని చెప్పుకుంటాం. ఏనుగులను మేపుతూ యుద్ధాలు చేసిన మనిషికి పాదం ఎక్కడ పడాలో, తాళం ఎక్కడ తెగాలో కూర్చొని రాసే తీరిక దొరికింది. ప్లాట్లు అమ్ముకొనే మనిషికి కన్నకొడుకు ఎనిమిది స్వరాలు వాయిస్తుంటే పక్కన కూర్చొని వినే తీరిక దొరకలేదు. దొరకకపోతే పోనీ, విన్న మనిషికి కూలి అయినా ఇవ్వాలి కదా!

ఇప్పుడు ఆ బాబు అపార్టుమెంటు వార్షికోత్సవంలో వాయిస్తున్నాడు. కుడి చేతితో, తెల్ల మెట్ల మీద, డ్రమ్ములు వాటంతట అవే మోగుతుండగా, పుట్టినరోజు పాట. తండ్రి ముందు వరుసలో కూర్చొని ఈలలు వేస్తున్నాడు. టీచరమ్మ, పైన చెప్పిన బ్యాంకు ఉద్యోగినికి నేర్పుతున్నది. ఆమె బొటనవేలు మోచేయి ఎగరకుండా దూరుతున్నదట. ముందు వరుసలోని అన్నా, ఈ వ్యాసం మీ చేతికి వస్తుందని నాకు తెలుసు, మన బిల్డింగులో పేపరు తెప్పించేది మీరొక్కరే. జాతర నెల ఫీజు మీరు ఇంకా ఇవ్వలేదు. ఆమె నంబరు మీ ఫోనులో 'పియానో ఆంటీ కాజీపేట' అని ఉన్నది. ఫోన్‌పే కూడా దానికే ఉన్నది. కట్ చేయకుండా పంపండి.