ఇంటిపేరులో అమ్మ

చైనా ఇంటిపేర్ల మీద వచ్చిన ఒక వ్యాసం ఆసక్తిగా చదివాను. అందులో వాంగ్ అంటే రాజు, లీ అంటే ప్లమ్ చెట్టు అని చెప్పారు, బాగుంది. కానీ 'ఇంటిపేరు' అనే మాటకు వాళ్లు రాసే అక్షరం గురించి కూడా ఒక్క ముక్క రాయాల్సింది. 'షింగ్' అనే ఆ అక్షరంలో ఎడమవైపు స్త్రీ, కుడివైపు పుట్టుక ఉంటాయి. జీ, జియాంగ్ లాంటి బాగా పాత ఇంటిపేర్లలోనూ అదే స్త్రీ గుర్తు. ఒకప్పుడు వంశాన్ని తల్లి వైపు నుంచి లెక్కపెట్టేవారని కొందరు పండితులు అంటారు. ఆ అక్షరం చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. జాంగ్ అనే ఇంటిపేరు అక్షరంలో అయితే విల్లు ఉంటుంది, వింటికి నారి బిగించడమే దాని పాత అర్థం. మనలాగే వాళ్లూ ఇంటిపేరు ముందే రాస్తారు. కాకపోతే అక్కడ ఆడవాళ్లు పెళ్లయ్యాక కూడా సాధారణంగా పుట్టింటి పేరే ఉంచుకుంటారు.