వెన్నెలకు సున్నా మార్కులు

పున్నమి రాత్రి ఫోనును ఆకాశం వైపు చూపి, వెలుతురు కొలిచే యాప్‌లో సున్నా కనబడగానే వెన్నెలలో పస లేదని తీర్పు చెప్పే శాస్త్రజ్ఞులు మా నల్లగొండలో గల్లీకొకరు తయారైనారు. వెలుతురును లక్సుల్లో కొలుస్తారు. నిండు పున్నమి వెన్నెల పావు లక్స్ దాటడమే గగనం. నడినెత్తి ఎండ లక్ష లక్సుల దాకా పోతుంది. చాలా ఫోన్ల సెన్సారుకు ఆ పావు ఆనదు. మిర్యాలగూడ ధర్మకాంటా మీద నువ్వుగింజ పెట్టి బరువే లేదన్న ఘనులకు ఈ సంగతి ఎవరు చెప్పాలి?

కొలవదలచినవారికి ఒక కొవ్వొత్తి చాలు. తెల్లకాగితం ముందు పెన్సిలు నిలబెట్టి, ఒకవైపు నుంచి వెన్నెల, మరోవైపు నుంచి కొవ్వొత్తి వెలుగు పడనిస్తే రెండు నీడలు వస్తాయి. రెండూ సమానంగా నల్లబడేదాకా కొవ్వొత్తిని వెనక్కి జరపాలి. పున్నమినాడు అది దాదాపు రెండు మీటర్ల దగ్గర ఆగుతుంది. పద్దెనిమిదో శతాబ్దంలోనే శాస్త్రవేత్త రమ్‌ఫోర్డ్ దీపాలను ఇట్లాగే పోల్చినాడు. అష్టమినాటి సగం చంద్రుడు సగం వెన్నెల ఇస్తాడనుకుంటే పొరపాటు. పక్కనుంచి పడే ఎండకు చంద్రుడి మీది గుంతలూ గుట్టలూ నీడలు పరచడం వల్ల పున్నమిలో ఇంచుమించు పదోవంతే ఇస్తాడు.

అయితే మా డాబా మీద కాగితంపై మూడో నీడ కూడా పడింది. అది వీధి చివరి ఫంక్షన్ హాలు ఫోకస్ లైట్లది. దాని ధాటికి మిగిలిన రెండు నీడలూ వెలవెలబోయినాయి. మూఢం నడుస్తున్నది, లోపల పెళ్ళి లేదు, కుర్చీలు కూడా ఒకదాని మీదొకటి పేర్చి ఉన్నాయి. శాస్త్ర ప్రయోజనార్థం కాసేపు ఆర్పమని వాచ్‌మన్‌ను ప్రార్థించగా, ఆయన నా చేతిలోని కొవ్వొత్తిని, పెన్సిలును ఎగాదిగా చూసి, ‘కరెంటు ఉన్నది గద సార్, గా కొవ్వొత్తి ఎందుకు?’ అన్నాడు. చంద్రుణ్ణి కొలుస్తున్నానంటే, ‘సేటుకు చెప్పి కొలువుండ్రి’ అన్నాడు. చంద్రుడి హక్కుదారు ఎవరో అప్పుడు తెలిసింది.

శుక్రుడు సూర్యుడి వెలుగులో మరుగైతే మూఢమని పెళ్ళిళ్ళు వాయిదా వేసుకునే మనం, చంద్రుడు ఫోకస్ లైట్లలో మరుగైతే ఒక్క బల్బు ఆర్పము! ఆకాశంలో ఎవరి బరాతు పోతున్నదని ఆ లైట్లను పైకి తిప్పినారు? బడికి పోయే పిల్లలకు వెన్నెలలో తమ నీడ పడుతుందన్న సంగతే తెలియకుండా చేసే అధికారం ఎవరిచ్చినారు? మీ గేటుకు వెలుతురు కావాలంటే గేటు మీద వేసుకోండి. మా డాబాల మీద, మా ఆకాశం మీద వేయకండి.