మనిషికి పెట్టె హోదా ఇవ్వాలని మనవి

నెల్లూరులో అమెరికాకు పెట్టె కట్టడం ఇంటిల్లిపాది పని. బియ్యం కొట్టు కాటా 23 కిలోలు చూపేదాకా మలై కాజా పొట్లాన్ని లోపల పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, చివరికి మూత మీద మార్కరుతో ఇంటిపేరు రాసి, గుర్తుకు ఎర్ర రిబ్బను కట్టి చెన్నై దారి పట్టిస్తాము. సూళ్లూరుపేట దగ్గర టీ తాగడానికి దిగినా కారులో ఒకరిని కాపలా ఉంచే మనం, మీనంబాక్కం విమానాశ్రయంలో అదే పెట్టెను బెల్టు మీదికి తోసేసి నిశ్చింతగా లోపలికి పోతాము. తరువాత దాని గతి ఏమిటంటే "అది డైరెక్టుగా పోతుందిలే అబ్బయా" అని పెద్దలు సెలవిస్తారు. నడుమ విమానం మారే మజిలీలో దానికి జరిగే మర్యాదలను కొంత విచారించగా, ఈ ప్రయాణంలో గౌరవమంతా పెట్టెదేననీ, మనిషి దాని వెంట పోయే సామాను మాత్రమేననీ తేలింది.

పెట్టెకు అంటించే చీటీ మీద పది అంకెల సంఖ్య ఉంటుంది. అందులో మూడంకెలు విమాన సంస్థను, చివరి ఆరూ ఆ పెట్టెను చెబుతాయి. అప్పగించినప్పుడు, విమానంలోకి ఎక్కించినప్పుడు, మజిలీలో చేతులు మారినప్పుడు, తిరిగి యజమానికి ఇచ్చినప్పుడు దాని ఆచూకీ నమోదు చేయాలని అంతర్జాతీయ విమాన రవాణా సంఘం 2018 జూన్ నుంచి నియమం పెట్టింది. మజిలీలో కునుకు పట్టి విమానం తప్పిపోయిన మనిషిని ఇంత శ్రద్ధగా ఎవరూ లెక్క రాసుకోరు.

ఫ్రాంక్‌ఫర్ట్ సంగతి చూడండి. అక్కడ సామాను కోసం వేసిన బెల్టుల దారి పొడవు 80 కిలోమీటర్ల పైమాటే, అంటే నెల్లూరు నుంచి కావలి దాటిపోయేంత. పెట్టె ఒక్క అడుగు నడవదు. తరువాతి విమానానికి చాలా వ్యవధి ఉంటే, పెద్ద విమానాశ్రయాలలో ముందుగా వచ్చిన పెట్టెలకు వేరే నిల్వ స్థలం ఉంటుంది. వేళ కాగానే యంత్రమే పిలిచి సాగనంపుతుంది. అదే సమయంలో పైఅంతస్తులో దాని యజమాని, నడుం వాల్చడానికి వీల్లేకుండా చేతులు బిగించిన కుర్చీలో, చెప్పులు తల కింద పెట్టుకునే ఉపాయం ఆలోచిస్తూ ఉంటాడు.

పెట్టె రాజసం పూర్తిగా బయటపడేది అమెరికాలో. చీటీ మీద చివరి ఊరు ఆస్టిన్ అని ఉన్నా, మొదట దిగిన డల్లాస్‌లోనే సాధారణంగా యజమాని వచ్చి దానిని బెల్టు మీద నుంచి దించుకుని, కస్టమ్స్ వారి ముందుకు తోసుకుపోయి, అవతల మళ్లీ అప్పగించాలి. లోపల అమ్మ పెట్టిన కోడిమాంసం పచ్చడి ఉంటే సంజాయిషీ చెప్పుకోవలసింది మనిషే. పెట్టె నోరు విప్పదు. విదేశం నుంచి ఢిల్లీలో దిగి చెన్నై విమానం ఎక్కేవారికి మన దేశంలోనూ సాధారణంగా ఇదే కూలిపని. టికెట్లు విడివిడిగా కొన్నవారి పెట్టె మొదటి టికెట్టు ముగిసిన చోటే ఆగి, యజమాని వచ్చేదాకా బెల్టు మీద ప్రదక్షిణలు చేస్తుంది.

చట్టం దృష్టిలోనూ పెట్టెదే పైచేయి. సామాను అప్పగించిన ప్రయాణికుడు ఎక్కకపోతే, విమానాన్ని ఆపి అయినా అతని పెట్టెను వెతికి దింపుతారు. (దీని వెనుక, యజమాని ఎక్కని పెట్టెలోని బాంబుతో ఎయిరిండియా కనిష్క విమానం పేలిపోయిన 1985 నాటి విషాదం ఉంది, ఆ నియమంతో పరాచికం కూడదు.) పెట్టె ఎక్కకపోతే మాత్రం మనిషికి ఒక్క మాటైనా చెప్పకుండా తీసుకుపోతారు.

కనబడని మనిషి చనిపోయాడని భావించడానికి మన సాక్ష్య చట్టం ఏడేళ్లు ఆగమంటుంది. పెట్టె విషయంలో, విమాన సంస్థల బాధ్యతను తేల్చే 1999 నాటి మాంట్రియల్ అంతర్జాతీయ ఒప్పందం ఇంటివారిని అన్నాళ్లు వేధించదు. రావలసిన నాటి నుంచి 21 రోజులు దాటితే పోయినట్టే లెక్క. పరిహారం గరిష్ఠంగా 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్య నిధి వారి లెక్కల ప్రమాణం), అంటే దాదాపు రెండు వేల డాలర్లు. మజిలీలో మనిషి పోగొట్టుకున్న నిద్రకు ఆ ఒప్పందంలో ధర లేదు.

కనుక 2019లో శంకుస్థాపన జరిగి ఇంకా విమానం దిగని మన నెల్లూరు జిల్లా దగదర్తి విమానాశ్రయం వారికి ఒక మనవి. ప్రయాణికుల విశ్రాంతి గదికి వేరే నమూనా వెతకకండి; సామాను నిల్వ గదికి గీసిన నమూనానే పైఅంతస్తుకూ ఎక్కించండి. బారుగా పడుకోబెట్టి, నంబరు అంటించి, వేళకు లేపి విమానంలో వేస్తామంటే, 23 కిలోల పరిమితి ఒక్కటి సడలించిన పక్షంలో, మేము మారుమాట్లాడకుండా బెల్టు ఎక్కుతాము.